పది వాక్యాలకు తగ్గకుండా

జూన్ 19

తమ్ముడూ,

ఫోనులో నువ్వు ఆఁ, ఊఁ తప్ప మూడో అక్షరం పలకవు. అవతల నువ్వున్నావో గోడ ఉందో తెలియక నాకు నోరు నొప్పి పుడుతోంది. కాగితం మీద మాత్రం చిన్నప్పటి నుంచీ వాగుడుకాయవే. అందుకని ఇకమీదట ఉత్తరాలే. కాగితాల మిల్లులో పనిచేస్తూ కాగితం లేదని సాకు చెప్పకు.

ముందు నా గోల విను. మా హెచ్.ఎం. గారు ఏదో సమావేశానికి వెళ్ళొచ్చారు. వెళ్ళిన ప్రతిసారీ మా కోసం ఒక పని మోసుకొస్తారు. ఈసారి తొమ్మిదో తరగతి పిల్లలు రోజూ పొద్దున్నే హాజరు అయ్యాక పది నిమిషాలు జర్నల్ రాయాలట. దేని గురించి రాయాలో టీచరు బోర్డు మీద ఒక ప్రశ్న ఇవ్వాలట. తప్పులు దిద్దకూడదు, మార్కులు వేయకూడదు. ఏడాది పొడుగునా రోజుకొక కొత్త ప్రశ్న. "భాష చెప్పేది మీరే కదా, మీకెంతసేపు పని" అని మొత్తం నా నెత్తిన పెట్టి ఆవిడ హాయిగా ఉన్నారు.

మొదటి రెండు రోజులూ తల ప్రాణం తోకకొచ్చింది. "మీ ఆశయం ఏమిటి" అని ఇచ్చాను. క్లాసు క్లాసంతా డాక్టర్లయి కూర్చుంది. "మీ అభిమాన నాయకుడు" అని ఇస్తే అందరూ పాఠ్యపుస్తకంలోంచి ఎత్తేశారు. విసుగొచ్చి ఒకరోజు "మీ సంచి అడుగున ఏముంది? పది వాక్యాలకు తగ్గకుండా రాయండి" అన్నాను. అప్పుడు కదిలాయి చేతులు. వెనక బెంచీలో ఎప్పుడూ ఆవలించే ఒకడు విరిగిన స్కేలు ముక్క గురించి ఒకటిన్నర పేజీ రాశాడు. చదివి మళ్ళీ మొదటి నుంచి చదివాను.

అదే రోజు ఒక పిల్ల చేయెత్తి, "టీచర్, ఇవన్నీ మీరు చదువుతారా?" అని అడిగింది. ముఖం పాలిపోయి ఉంది. దాన్ని చూసి, "నేను చదవకూడదనుకుంటే పేజీని నిలువుగా సగానికి మడిచెయ్. మడత పెట్టింది నేను విప్పను" అన్నాను. అప్పటికప్పుడు నోటికొచ్చిన మాట. ఇప్పుడు అదే మా క్లాసులో చట్టం.

నీ కూతురు పిట్టది మూడో బెంచీ. గేటు లోపల నేను "టీచర్", గేటు దాటితే "అత్తా". ఒక్కసారి కూడా తడబడదు. ఇంతవరకూ ఒక్క పేజీ మడవలేదు. "మీ ఇంట్లో ఎక్కువ మాట్లాడే వస్తువు" అని ఇస్తే మీ బావ చెప్పుల గురించి రాసింది. కళ్ళజోళ్ళ దుకాణంలో బేరాలు ఎలా సాగాయో మామయ్య గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడులోనే తెలిసిపోతుందట. మీ బావకి చెబితే ఆ రోజు నుంచి చెప్పులు చేత్తో తీసి పెడుతున్నారు.

మరదలు పోయాక నువ్వు దీన్ని మా గుమ్మంలో దించి మిల్లుకు వెళ్ళి నాలుగు నెలలైంది. పిట్ట నీకు రెండు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. నన్ను అడగదు. కానీ పోస్టు వచ్చే వేళకు వరండాలో ఏదో ఒక పని పెట్టుకుంటుంది. దానికి వేరే ఉత్తరం రాయి. నాకేమో ప్రశ్నలు పంపు. నీ బుర్రలో ఎప్పుడూ కోతులు గెంతుతుంటాయి కదా, ఇప్పుడైనా పనికొస్తాయి.

నీ అక్క


జూన్ 30

అక్కా,

నీ ఉత్తరం రెండో షిఫ్టు దిగి వచ్చాక చదివాను. ఒంటి నిండా కాగితం పొట్టు, తలలో కూడా అదే. స్నానం చేసినా పోదు. మా గదిలో నాతో పాటు ఉండే ప్యాకింగ్ సెక్షన్ పెద్దాయన అప్పటికే గురక మొదలుపెట్టాడు. ఆ గురకకీ మా పాత మోటారు చప్పుడుకీ తేడా చెప్పినవాడికి మిల్లు రాసివ్వచ్చు. కాబట్టి నీ మొదటి ప్రశ్న ఇదిగో: "మీ ఇంట్లో గురక పెట్టేవాళ్ళ గురక ఏ యంత్రంలా ఉంటుంది? కారణాలతో వివరించండి." ఇంకొకటి: "మీ హెచ్.ఎం. గారు సమావేశానికి వెళ్ళకుండా ఆపడానికి మూడు మార్గాలు." ఇది నీ ఉద్యోగం ఊడిపోయాక వాడుకో.

ఇక్కడ పనంతా తెగకుండా చూసుకోవడమే. తడి కాగితం దుప్పటంత వెడల్పున రోలర్ల మీద పరిగెడుతూ ఉంటుంది. ఎక్కడో తెగుతుంది. అందరం పరిగెత్తుకెళ్ళి కొస పట్టుకుని మళ్ళీ ఎక్కించాలి. అది ఎక్కేదాకా సూపర్వైజరు మా ఇంటిల్లిపాదినీ పేరుపేరునా తలుచుకుంటాడు. మళ్ళీ సాఫీగా నడుస్తుంటే ఎవరికీ ఎవరితోనూ మాట ఉండదు. నాకు ఆ పని బాగానే ఉంది.

పిట్ట రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు రాద్దామని కూర్చుంటాను. "నాన్న బాగున్నాడు, నువ్వు బాగా చదువుకో" అని రాస్తాను. అక్కడితో చెయ్యి ఆగిపోతుంది. నీకైతే ఇలా ఎంతైనా వాగగలను. దానికి ఏం రాయాలో నాకు తెలియదు అక్కా. ఇంట్లో మా ఇద్దరి మధ్య మాటలన్నీ వాళ్ళమ్మ చేతి మీదుగానే నడిచేవి. "దానికి బూట్లు బిగుతయ్యాయట" అని ఆవిడ నాతో అనేది. "నాన్న కొంటాడట" అని దానితో అనేది. పక్క గదిలోనే ఉండేవాళ్ళం ఇద్దరం. ఇప్పుడు ఆ మధ్య మనిషి లేదు.

నా తరఫున దాని తల నిమురు.

నీ తమ్ముడు


జూలై 12

తమ్ముడూ,

నీ గురక ప్రశ్న క్లాసులో పెద్ద హిట్టు. ఒక పిల్ల వాళ్ళ తాతది కుక్కర్ అని, నాలుగో కూతకి ఎవరో ఒకరు లేచి ఆపాలని రాసింది. మీ బావకి నీ సూపర్వైజరు మాట దగ్గర పొలమారి నీళ్ళు తాగాల్సి వచ్చింది. పిట్ట మాత్రం సగంలో చేతులు కడుక్కోవడానికి లేచింది. ఈ మధ్య దాని తిండి తిండిలా లేదు. ఉక్కపోత అనుకున్నాను.

ఇంకో సంగతి. పదో తరగతి పరీక్షలకు పిల్లల పేర్లు తొమ్మిదిలోనే పంపిస్తారు. సంరక్షకులు అన్న చోట ఎవరి పేరు రాయాలి అని హెచ్.ఎం. గారు అడిగారు. సంతకాలకూ మీటింగులకూ వాళ్ళే రావాలట. మధ్యలో మార్చడానికి వీల్లేదట. "తండ్రి ఉన్నాడు కదండీ" అన్నాను. "ఉంటే ఎప్పుడైనా కనబడాలి కదా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది కానీ ఆవిడన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎవరి పేరు రాయమంటావు? సెప్టెంబరు పది లోపల చెబితే చాలు.

మీ ఇల్లు ఖాళీ చేసేశావా అని మీ బావ భోజనాల దగ్గర అడిగారు. చేసే ఉంటాడులెండి, తాళం వేసి ఎన్నాళ్ళుంచుతాడు అన్నాను. మరదలి బట్టలు, వస్తువులు ఎక్కడ పెట్టావో ఒక ముక్క రాయి. ఎవరికో ఇచ్చేసి చేతులు దులుపుకోకు, పిట్టకు కావాలేమో.

పిల్లకు ఉత్తరం రాయమన్నాను. రాశావా? ఏం రాయాలో తెలియకపోవడం ఏమిట్రా, అది నీ కూతురు.

నీ అక్క


జూలై 24

అక్కా,

వారం రోజులుగా మెషీను నిమిషం నిలవడం లేదు. ఒకటే తెగడం. ఒకాయన చెయ్యి కాల్చుకున్నాడు, ఆయన షిఫ్టు కూడా నాదే. కళ్ళు మూతలు పడుతున్నాయి, అందుకని చిన్న ఉత్తరం.

ఆ పేరు సంగతి. నీ పేరే పెట్టెయ్. అదే సులువు. ఎలాగూ నీ దగ్గరే కదా ఉండేది. ప్రతి సంతకానికీ నేను అక్కడికి పరిగెత్తుకు రాలేను. ఇక్కడ ఇంకో ఏడాది ఉండమంటున్నారు, సరేనని సంతకం పెట్టేశాను.

నీకు ప్రశ్నలు పంపడానికి బుర్ర పనిచెయ్యడం లేదు. ఒక్కటి తోచింది: "మీ ఇంట్లో ఎవరూ ముట్టుకోని వస్తువు ఏది?" పిల్లలు రాస్తే ఏం రాశారో చెప్పు.

పిట్ట ఎలా ఉంది? బాగుందనే అనుకుంటున్నాను. నీ దగ్గర ఉంటే దానికేం.

నీ తమ్ముడు


ఆగస్టు 6

తమ్ముడూ,

ఏం బాగుంది. పిట్ట పేజీలు మడుస్తోంది.

మొదట ఒక రోజు అనుకున్నాను. ఆడపిల్ల, వయసు అలాంటిది, నాకు చెప్పుకోలేనివి ఉంటాయి అని సరిపెట్టుకున్నాను. మర్నాడూ మడిచింది. ఆ మర్నాడూ. ఇప్పుడు ప్రతి రోజూ. నోటుబుక్కు చేతికిచ్చేటప్పుడు నా ముఖంలోకి చూడదు. మొన్న నేను బోర్డు మీద "ఇష్టమైన రంగు" అని ఉత్త పిల్లకాయ ప్రశ్న ఇచ్చినా సరే, ఇంత పొడుగు రాసి మడిచి పెట్టింది. రంగు గురించి దాచుకునేది ఏముంటుందిరా?

ఇంట్లో కూడా అంతే. పిలిస్తే పలుకుతుంది, పెడితే తింటుంది, నోట్లో నాలుక లేనట్టు తిరుగుతుంది. ఇదివరకు మీ బావని ఆటపట్టించేది. ఇప్పుడు ఆయనే చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి "ఈ రోజు బేరాలెలా ఉన్నాయో చెప్పు" అని అడుగుతున్నారు. నవ్వీ నవ్వనట్టు నవ్వి గదిలోకి వెళ్ళిపోతుంది.

సోమవారం నాడు ఈ ప్రశ్న ఇచ్చాను: "జవాబు రాదని తెలిసీ ఒకరికి ఒక మాట చెప్పాలంటే ఎవరికి చెబుతారు?" నిజం చెబుతున్నాను, పిట్టను మనసులో పెట్టుకునే ఇచ్చాను. వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి అది ఒక్కసారి కూడా గట్టిగా ఏడవడం నేను చూడలేదు. రాస్తేనన్నా కాస్త తేలికపడుతుందేమో అని. పది నిమిషాలు అయిపోయినా తల ఎత్తలేదు. బెల్లు కొట్టారు, లెక్కల టీచరు వచ్చి గుమ్మంలో నిలబడింది, అయినా రాస్తూనే ఉంది. తర్వాత పేజీని రెండుసార్లు మడిచింది.

నాకు భయంగా ఉంది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక నీకు రాస్తున్నాను.

అక్క


ఆగస్టు 14

అక్కా,

ఎవరు ఇవ్వమన్నారు నిన్ను అలాంటి ప్రశ్న? పద్నాలుగేళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి చచ్చిపోయినవాళ్ళ గురించి రాయమనడం ఏం చదువు? స్కేలు ముక్క గురించి రాయించావు, బాగుంది. చెప్పుల గురించి రాయించావు, బాగుంది. అక్కడ ఆగలేకపోయావా? నలుగురి మధ్యలో, బెల్లు కొట్టేలోపల, నా కూతురు వాళ్ళమ్మకు ఉత్తరం రాయాలా?

కోపంలో రాస్తున్నాను. కానీ కొట్టెయ్యను.

ఆ మడత విప్పు. విప్పి చదివి నాకు ఉన్నదున్నట్టు రాయి. నీ చట్టాలు నీ క్లాసులో పెట్టుకో. వాళ్ళమ్మ కూడా ఇంతే, ఏమీ లేదు, కొంచెం అలసట అంతే అంటూ నవ్వుతూ తిరిగింది. అడిగి అడిగి ఊరుకున్నాం. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఇంకోసారి ఊరుకోవడం నా వల్ల కాదు. పిల్ల ఏమైనా పిచ్చి పని చేసుకుంటే నీ మాట నిలబెట్టుకున్నావని సంతోషిద్దామా?

నేను దాని తండ్రిని. నేను చెబుతున్నాను, విప్పు.

తమ్ముడు


ఆగస్టు 22

తమ్ముడూ,

తండ్రినంటున్నావు. పోయిన నెల ఆ చోట నా పేరు పెట్టెయ్ అన్నది కూడా నువ్వే. ఏ రోజుకి ఏది గుర్తొస్తే అది. నువ్వు కోపంలో రాసింది కొట్టెయ్యలేదు కాబట్టి నేనూ కొట్టెయ్యడం లేదు.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం పిట్ట నోటుబుక్కు నా బల్ల మీదే ఉంది. చాలాసేపు దాని ముందు కూర్చున్నాను. మడత సందులోంచి అక్షరాలు కనబడుతున్నాయి. వేలు పెట్టి కొంచెం ఎత్తితే చాలు. చెయ్యి అటు పోయింది కూడా. మీ బావ చూసి, "దాచుకోవాలనుంటే అసలు నోటుబుక్కే ఇచ్చేది కాదుగా" అని కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన మాటలకి ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది. మూసి సంచిలో పెట్టేశాను. విప్పితే ఆ క్లాసులో మళ్ళీ ఒక్క పిల్ల కూడా నాకు ఒక్క నిజం రాయదు. అంతకంటే ముందు, ఇంట్లో ఇది నన్ను అత్తా అని పిలవదు.

అందుకని మర్నాడు బడి నుంచి వస్తూ, గేటు దాటాక, సూటిగా అడిగేశాను. "మీ నాన్న నన్ను ఆ మడత విప్పమంటున్నాడు. నాకు ఇష్టం లేదు. ఏం చెయ్యమంటావు?"

అది నడుస్తున్నది ఆగింది. "నాన్న ఉత్తరం వచ్చిందా?"

"వచ్చింది."

"మరి చదవలేదే?"

నాకు అప్పుడు తట్టింది. ఆ ఒక్క ఉత్తరమే నేను భోజనాల దగ్గర చదవలేదు. మిగతావన్నీ చదివాను, మొదటి అక్షరం నుంచి సంతకం దాకా. మన అమ్మ చదివినట్టే. మన ఇంట్లో ఎవరి ఉత్తరమొచ్చినా కంచాల ముందే కదరా చదివేది, మేనమామ ఉత్తరంలో నీ తొమ్మిదో ఎక్కం సంగతి వచ్చినప్పుడు నువ్వు బల్ల కింద దూరావు కూడా. నీకు తెలుసనే అనుకున్నాను. అందరం వింటామని తెలిసే సూపర్వైజరు కబుర్లన్నీ రాస్తున్నావనుకున్నాను.

అంటే ఏమిటో అర్థమైందా? "దానికి ఏం రాయాలో నాకు తెలియదు" అన్నది పిట్ట విన్నది. "నీ పేరే పెట్టెయ్, అదే సులువు" అన్నదీ విన్నది. నా గొంతుతో, నా నోటితో. ఇంకో ఏడాది అన్నదీ. చదివి నేను మజ్జిగ పోసుకుని లేచిపోయాను. దాని ముఖం ఎలా ఉందో చూడను కూడా లేదు. క్లాసులో ప్రతి ముఖమూ చూసేదాన్ని.

"నువ్వు అమ్మకి రాస్తున్నావనుకుంటున్నాడు మీ నాన్న. నేనూ అదే అనుకున్నా" అన్నాను.

"అమ్మకి రాయడం ఎందుకత్తా? అమ్మతో ఎలాగూ మాట్లాడుతూనే ఉంటాగా" అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతిలాగా. తర్వాత కాసేపు సంచి పట్టీ లాక్కుంటూ నిలబడి చెప్పింది. తన మాటల్లోనే రాస్తున్నాను.

"నాన్నకి ఏం రాయాలో తెలీదన్నాడుగా. మా క్లాసులో వెనక బెంచీ వాళ్ళకీ తెలీదు. నువ్వు మంచి ప్రశ్న ఇస్తే రాస్తారు. మొదట నవ్వొచ్చింది, నాన్న కూడా వెనక బెంచీయే అని. తర్వాత నీ పేరు పెట్టమన్నాడుగా. అప్పటి నుంచి రోజూ నువ్విచ్చిన ప్రశ్న వదిలేసి నాన్నకి ప్రశ్నలు తయారు చేస్తున్నా. మంచివి రావడం లేదు. అన్నీ తిట్టినట్టే వస్తున్నాయి. అందుకే మడిచేశా."

నడిరోడ్డు మీద నేను ఏడ్చాను. అది ఏడవలేదు. నా సంచి కూడా అదే మోసింది.

ఇంటికొచ్చాక ఒక పేజీ తనే చింపి, మడత విప్పకుండా నాకిచ్చింది. "ఒక్కటే ఇస్తున్నా. దీనికి రాస్తే మిగతావి" అంది. అదే ఇందులో పెట్టాను. నేను చూడలేదు. దీపం ముందు కూడా పట్టుకోలేదు.

ఆ పేరు రాసే చోటు ఇంకా ఖాళీగానే ఉంది. హెచ్.ఎం. గారికి రెండు రోజులకొకసారి ఏదో ఒకటి చెబుతున్నాను. నువ్వు రాసే జవాబు నేను భోజనాల దగ్గరే చదువుతాను, ముందే చెబుతున్నాను. అలా చదవకపోతే అది ఇంకేదో అనుకుంటుంది.

అక్క


ఆగస్టు 31

పిట్టా,

నువ్వు ఇచ్చిన ప్రశ్న పైన రాసుకుంటున్నాను, పరీక్షలో రాసినట్టు.

"మన ఇంటి తాళంచెవి ఇప్పుడు ఎక్కడ ఉంది? ఆ ఇంటి గురించి మీకు తెలిసింది పది వాక్యాలకు తగ్గకుండా రాయండి."

తాళంచెవి నా చొక్కా జేబులో ఉంది. మిల్లులో రోలర్ల దగ్గర జేబులో ఏమీ ఉండకూడదు, అందుకని రోజూ లోపలికి వెళ్ళేటప్పుడు ఫోనుతో పాటు దాన్నీ గేటు దగ్గర ఇచ్చేస్తాను. గేటు కాపలా ఆయన ఒకరోజు అడిగాడు, మీ గదికి తాళమే లేదు, ఇది దేనిది అని. ఇంటిది అన్నాను. ఇల్లు ఈ ఊళ్ళోనా అన్నాడు. కాదన్నాను. మరి రోజూ ఇక్కడికి ఎందుకు మోసుకొస్తావయ్యా అన్నాడు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. నాకు ఏం చెప్పాలో తెలియడం ఎప్పుడూ ఆలస్యమే, నువ్వు కనిపెట్టావుగా.

ఇల్లు ఖాళీ చెయ్యలేదు. అత్త అలా అనుకుంది, నువ్వూ విని అలాగే అనుకుని ఉంటావు. ఇంటివాళ్ళు వేరేవాళ్ళకి ఇస్తామన్నారు, వద్దన్నాను. వంటింట్లో పంపు చుక్కచుక్కగా కారుతుండేది కదా, దాని కింద బకెట్టు పెట్టి వచ్చాను. అది ఎప్పుడో నిండిపోయి నేలంతా తడి అయి ఉంటుంది, మనం వెళ్ళాక నాకు చీవాట్లు పెట్టడానికి నీకు మంచి అవకాశం. నీ మంచం మీద దుప్పటి మడత పెట్టలేదు, నువ్వు ఎలా వదిలావో అలాగే ఉంది. అమ్మ చెప్పులు తలుపు వెనక ఉన్నాయి. వాటిని సర్దడానికి రెండుసార్లు వంగాను, రెండుసార్లూ లేచి నిలబడ్డాను. అందుకే తాళం వేసి వచ్చేశాను, ఖాళీ చెయ్యడం చేతకాక. "మీ ఇంట్లో ఎవరూ ముట్టుకోని వస్తువు" అని నేను అత్తకు పంపిన ప్రశ్నకు నా జవాబు అదే. క్లాసులో అందరూ రాసే ఉంటారు, నేనొక్కడినే రాయలేదు.

అత్త పేరు పెట్టమన్నది సంతకాల కోసం. దగ్గరున్న మనిషి ఎవరు అని అడుగుతున్నారనుకున్నాను. నిన్ను ఎవరికి ఇచ్చేస్తావు అని అడుగుతున్నారని నాకు అప్పుడు తోచలేదు. ఇప్పుడు నీ చెవితో చదివితే నాకూ అలాగే వినబడుతోంది. ఆ చోట నా పేరే ఉంటుంది. సెప్టెంబరు పది లోపల నేనే వచ్చి రాస్తాను, హెచ్.ఎం. గారు ఎప్పుడైనా కనబడాలి అన్నారుగా, కనబడతాను. ఒక్క రోజే సెలవిచ్చారు.

ఇంకో ఏడాది ఉంటానని పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటానని అడిగాను. నా చోటికి ఇంకో మనిషి దొరికేదాకా కదలొద్దన్నారు. ఎప్పుడు దొరుకుతాడో వాళ్ళకే తెలియదు. తెలియని దానికి నేను తేదీ వేసి నీకు చెప్పను. కానీ నెలనెలా వస్తాను, వచ్చినప్పుడల్లా మనం ఒకసారి ఆ ఇంటికి వెళ్ళొద్దాం. తాళం నువ్వే తీద్దువుగాని.

పది వాక్యాలు దాటాయో లేదో లెక్కపెట్టుకో. తప్పులు దిద్దకూడదని మీ క్లాసు నియమం. మిగతా ప్రశ్నలు పంపు. తిట్టినట్టున్నవి కూడా పంపు, అవే ముందు పంపు.

అక్కా, నువ్వు భోజనాల దగ్గర ఇక్కడిదాకా చదువు. ఇక్కడితో ఆపి కాగితం పిట్టకిచ్చెయ్. దీని కింది భాగం మడత పెట్టాను.